వర్ధమాన దేశాల్లో సామాజిక, ఆరోగ్య, విద్యా సర్వేలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫీల్డ్ సర్వేలకు మనుషుల్ని తయారు చేయడం నా పని. బ్యాచ్ మారినా సందేహాలు మారవు. అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టాను. పీహెచ్‌డీ మొదలుపెట్టినవాళ్లు, సంస్థల్లో కొత్తగా చేరినవాళ్లు, కాలేజీ ప్రాజెక్టులు చేసేవాళ్లు ఎక్కువగా అడిగినవి ఇవి. దేనికది విడిగా చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

సొంతంగా సర్వే చేస్తేనే పరిశోధనా? ఉన్న డేటాతో చేస్తే తక్కువగా చూస్తారా?

చూడరు. నన్నడిగితే మొదటి ఏడాది అసలు ఫీల్డుకే వెళ్లొద్దంటాను. డీహెచ్‌ఎస్ పేరుతో 1984 నుంచి 90కి పైగా దేశాల్లో జనాభా, ఆరోగ్య సర్వేలు జరిగాయి. భారత్‌లో 1992-93లో మొదలైన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్) కూడా ఆ కోవలోదే. ప్రపంచ బ్యాంకు జీవన ప్రమాణాల సర్వేలు 1985లో ఐవరీ కోస్ట్, పెరూ దేశాలతో మొదలయ్యాయి. ఒకే పిల్లల్ని ఏళ్ల తరబడి చూడాలనుకుంటే యంగ్ లైవ్స్ ఉంది. ఇథియోపియా, భారత్, పెరూ, వియత్నాంలలో దాదాపు 12,000 మంది పిల్లల్ని 2002 నుంచి మళ్లీ మళ్లీ వెళ్లి పలకరిస్తున్న అధ్యయనం అది. ఇలాంటి డేటా చాలావరకు పేరు నమోదు చేసుకుంటే ఉచితంగా వస్తుంది. 2025లో అమెరికా ప్రభుత్వం నిధులు ఆపేయడంతో డీహెచ్‌ఎస్‌కు పెద్ద దెబ్బ తగిలింది. కాబట్టి మీకు కావలసిన దేశంలో చివరి రౌండు ఏ ఏడాది జరిగిందో ముందే చూసుకోండి.

చదువు, ఆరోగ్యం, ఆదాయం మూడూ కలిపి ఒకే అధ్యయనం చేయొచ్చా?

జీవితంలో అవి కలిసే ఉంటాయి కాబట్టి ఆ ఆశ సహజమే. గ్వాటెమాలాలో 1969 నుంచి 1977 వరకు నాలుగు ఊళ్లలో పోషకాహార ప్రయోగం జరిగింది. రెండు ఊళ్లలో ప్రొటీన్ ఉన్న జావ, మిగతా రెండిట్లో ప్రొటీన్ లేని తీపి పానీయం ఇచ్చారు. పుట్టినప్పటి నుంచి రెండేళ్ల వరకు ఆ జావ అందిన మగపిల్లలు పెద్దయ్యాక గంటకు సంపాదించే కూలి మిగతావారి కంటే సగటున 46 శాతం ఎక్కువని దశాబ్దాల తర్వాత తేలింది. జమైకాలో 1986-87లో ఎదుగుదల తగ్గిన 129 మంది పసిపిల్లలతో మరో అధ్యయనం మొదలైంది. అందులో కొందరి ఇళ్లకు ఆరోగ్య కార్యకర్తలు వారానికోసారి వెళ్లి, తల్లులకు పిల్లల్ని ఎలా ఆడించాలో చూపించారు. ఇరవై ఏళ్ల తర్వాత ఆ పిల్లల సంపాదన మిగతావారి కంటే 25 శాతం ఎక్కువ.

అయితే ఆ రెండూ పెద్ద బృందాలు పదుల ఏళ్లు చేసిన పని. మీ చేతిలో ఉన్నవి రెండేళ్లు. మీ ప్రశ్న ఒక్క వాక్యంలో పట్టాలి. "ఎవరికి, ఏది, దేనివల్ల" అన్న మూడు ఖాళీలూ నింపలేకపోతే టాపిక్ ఇంకా కుదరలేదన్నమాట.

ఆర్‌సీటీ (లాటరీతో గుంపులుగా విడదీసి పోల్చే ప్రయోగం) కాకపోతే జర్నల్స్ పట్టించుకోవట కదా?

2019లో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, మైకేల్ క్రెమర్‌లకు ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చాక ఈ భయం బాగా పెరిగింది. లాటరీ తీసి కొందరికి ముందు, కొందరికి తర్వాత ఇచ్చే పద్ధతికి బలం ఉన్న మాట నిజమే. మెక్సికో 1997లో మొదలుపెట్టిన ప్రోగ్రెసా నగదు బదిలీ పథకంలో 506 ఊళ్లను అలాగే విడదీశారు. 320 ఊళ్లకు ముందు డబ్బు అందింది, మిగతావి ఆగాల్సి వచ్చింది. బడికి వెళ్లే పిల్లలు ఎక్కడ ఎంత పెరిగారో అందువల్లే నమ్మకంగా చెప్పగలిగారు. కానీ ఇండోనేషియా 1973 నుంచి 1978 మధ్య 61,000కి పైగా ప్రాథమిక బడులు కట్టినప్పుడు ఏ లాటరీ లేదు. ఎక్కడ ఎన్ని బడులు కట్టారు, అప్పటికి ఎవరి వయసెంత అన్న తేడాలతోనే వాటి ప్రభావం లెక్కగట్టింది డుఫ్లో. ముందు ప్రశ్న తేల్చుకోండి, పద్ధతి దాని వెనకే వస్తుంది. ఫలానా చోట ఎంతమంది ఉన్నారు, ఎలా ఉన్నారు అని జాగ్రత్తగా చెప్పే మామూలు సర్వేకి కూడా గిరాకీ ఎప్పుడూ ఉంటుంది.

## అనుమతులు, అంగీకారం

చిన్న ప్రాజెక్టే. ఎథిక్స్ కమిటీ అనుమతి తప్పదా?

మనుషుల్ని అడుగుతున్నారంటే తప్పదు. మొదటి ఫారం నింపకముందే తీసుకోవాలి. డేటా చేతికొచ్చాక వెనక తేదీతో అనుమతి ఏ కమిటీ ఇవ్వదు, మంచి జర్నల్ ఆ పేపరు తీసుకోదు. కమిటీ మీటింగ్ రెండు మూడు నెలలకోసారి జరగొచ్చు, ఆ సమయం కూడా ప్లాన్‌లో పెట్టుకోండి.

చదవడం రానివాళ్ల దగ్గర అంగీకారం ఎలా తీసుకోవాలి? వేలిముద్ర వేయిస్తే చాలు కదా?

వేలిముద్ర చివర్లో వచ్చేది. ముందు విషయం చదివి వినిపించాలి. మీ టీమ్‌కు సంబంధం లేని సాక్షి ఒకరు పక్కన ఉండాలి. ఆ తర్వాత, "నేనేం చెప్పానో ఒకసారి మీ మాటల్లో చెప్పండమ్మా" అని అడగాలి. "ఒప్పుకోకపోతే పథకం ఆగిపోతుందేమో" అని ఆవిడ అందంటే ఆ అంగీకారం చెల్లదు. మళ్లీ మొదటి నుంచి చెప్పాల్సిందే.

ఇదంతా చాదస్తం అనిపిస్తే రెండు సంగతులు చూడండి. 1996లో నైజీరియాలోని కానోలో మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) పెచ్చరిల్లినప్పుడు 200 మంది పిల్లలతో మందుల ట్రయల్ జరిగింది. అది ట్రయల్ అని మాకు చెప్పనేలేదని తల్లిదండ్రులు ఆరోపించారు. కేసులు ఏళ్ల తరబడి నడిచాయి. 2009లో మందు కంపెనీ కానో రాష్ట్రంతో 7.5 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. అదే 2009లో భారత్‌లో, ఖమ్మం జిల్లాలోనూ గుజరాత్‌లోని వడోదరలోనూ ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) ఇచ్చిన అధ్యయనం మొదలైంది. ఖమ్మంలో చాలా పత్రాలపై తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు సంతకాలు చేశారని బయటపడింది. మధ్యలో జరిగిన మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. అయినా 2010లో అధ్యయనం ఆగింది, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. టీకాలో తప్పు దొరక్కపోయినా సంతకాల్లో దొరికింది.

ఊరిపెద్ద సరేనన్నాక ఇంటింటా మళ్లీ అడగాలా?

అడగాలి. ఊరిపెద్ద మాటతో మీరు ఊళ్లోకి అడుగుపెట్టగలరు, అంతే. ఇంట్లో ఎవరి సమాధానం కావాలో వాళ్లే ఒప్పుకోవాలి. పిల్లలైతే తల్లిదండ్రుల అనుమతితో పాటు వాళ్ల ఇష్టం కూడా కనుక్కోవాలి. అలాగని ఊరిని పట్టించుకోకుండా నేరుగా ఇళ్లలోకి వెళ్లడం మర్యాద కాదు. దక్షిణాఫ్రికాలోని సాన్ జనం తమ దగ్గరికొచ్చే పరిశోధకులు ఎలా నడుచుకోవాలో 2017లో తామే ఒక నియమావళి రాసి ప్రకటించారు. వచ్చినవాళ్లంతా అడిగి, రాసుకుని, ఫోటోలు తీసుకుని వెళ్లిపోవడంతో విసిగిపోయి చేసిన పని అది.

సర్వే మధ్యలో ఎవరైనా హింస గురించి చెప్పినా, పిల్లవాడు మరీ నీరసంగా కనిపించినా మేమేం చేయాలి? మాది డేటా పనే కదా?

డేటా పనే, కానీ చూసీ చూడనట్టు రాకూడదు. దండ (భుజానికీ మోచేతికీ మధ్య భాగం) చుట్టుకొలత టేపు 11.5 సెంటీమీటర్ల లోపు, అంటే ఎరుపులో చూపిస్తే ఆ బిడ్డది తీవ్ర పోషకలోపం. ఏ ఆరోగ్య కేంద్రానికి పంపాలో ఆ చీటీ మీ సంచిలో ముందే ఉండాలి. గృహహింస ప్రశ్నల విషయంలో డీహెచ్‌ఎస్ పద్ధతి చూసి నేర్చుకోవచ్చు. ఇంటికి ఒక్క స్త్రీనే అడుగుతారు, మిగతావాళ్లకు ఆ ప్రశ్నలున్నట్టే తెలియకూడదని. ఏకాంతం దొరక్కపోతే ఆ భాగం మొత్తం వదిలేస్తారు. అత్తగారు లోపలికి రాగానే మాట మార్చి, వంట గురించో నీళ్ల గురించో అడగడం మా ట్రైనింగ్‌లో విడిగా ప్రాక్టీసు చేయిస్తాం.

పాల్గొన్నవాళ్లకు డబ్బులివ్వొచ్చా?

పోయిన కూలికి, దారి ఖర్చుకు సరిపడా ఇవ్వొచ్చు. ఆ డబ్బు కోసమే ఇష్టం లేకపోయినా ఒప్పుకునేంత ఇవ్వకూడదు. ఎంత ఇవ్వాలో కమిటీకి ముందే రాసివ్వండి.

## ప్రశ్నావళి

ఇంగ్లీషు ప్రశ్నావళి బాగానే ఉంది. అనువాదం చేయించి వాడితే సరిపోదా?

ఎంతమంది ఉన్నారు, ఎన్ని గదులున్నాయి లాంటి వాటికి సరిపోవచ్చు. మనసుకు సంబంధించిన ప్రశ్నల దగ్గర బోల్తా పడతారు. జింబాబ్వేలో షోనా భాష మాట్లాడేవాళ్లు డిప్రెషన్ అన్న మాట వాడరు. వాళ్ల మాట కుఫుంగిసిసా, అంటే అతిగా ఆలోచించడం. ఆ మాటతో అడిగితే మనిషి గడగడా చెప్పుకొస్తాడు. "నిస్పృహకు లోనయ్యారా?" అని పుస్తకాల భాషలో అడిగితే బిక్కముఖం వేస్తాడు. అక్కడి ఫ్రెండ్‌షిప్ బెంచ్ కార్యక్రమంలో శిక్షణ పొందిన అమ్మమ్మలు చెట్టుకింద బెంచీ మీద కూర్చుని జనంతో మాట్లాడతారు. అది ఆ మాట పట్టుకునే నిలబడింది.

అనువాదాన్ని మళ్లీ ఇంగ్లీషులోకి తిప్పించి పోల్చి చూడటం మంచి అలవాటే. కానీ ఇద్దరు అనువాదకులూ చదువుకున్నవాళ్లే కాబట్టి వాళ్లకు అర్థమైనది ఊళ్లో అర్థమవుతుందని హామీ లేదు. పదిమందిని కూర్చోబెట్టి, ప్రతి ప్రశ్న తర్వాత "ఈ ప్రశ్న దేని గురించి అడుగుతున్నాననుకున్నారు?" అని అడగండి. నేను పని నేర్చుకునే రోజుల్లో "మీ పిల్లవాడు బడికి వెళ్తున్నాడా?" అని అడిగి వందకు వంద అవునని రాసుకొచ్చాం. పేరు బడిలో ఉంటే చాలు, తల్లులకు అది వెళ్తున్నట్టే. "నిన్న వెళ్లాడా, మొన్న వెళ్లాడా" అని మార్చాక అసలు లెక్క బయటికొచ్చింది.

పిల్లల పుట్టిన తేదీ ఎవరికీ తెలియట్లేదు. రెండో, మూడో అని రాసుకోవచ్చా?

రాసుకుంటే మీ పోషకాహార లెక్కలన్నీ గాల్లో కలుస్తాయి. ఒక మగపిల్లవాడు 83 సెంటీమీటర్లు ఉన్నాడనుకోండి. 2006 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో 24 నెలల మగపిల్లలకు గిడసబారడానికి (వయసుకు తగ్గ ఎత్తు లేకపోవడానికి) హద్దు 81.0 సెంటీమీటర్లు. కాబట్టి వాడు బాగానే ఉన్నాడు. వాడికి నిజంగా 30 నెలలైతే హద్దు 85.1. అదే పిల్లవాడు, అదే ఎత్తు, ఇప్పుడు గిడసబారిన లెక్కలోకి వస్తాడు.

దీనికి మందు సంఘటనల క్యాలెండర్. ఆ ప్రాంతంలో గత అయిదేళ్లలో వచ్చిన వరద, ఎన్నికలు, పండుగలు, కోతలు, కరెంటు వచ్చిన రోజు నెలలవారీగా ముందే రాసుకోవాలి. "వరదకు ముందా, తర్వాతా? అప్పటికి కడుపుతో ఉన్నారా, ఎత్తుకుని తిరుగుతున్నారా?" అని ఒక్కో మెట్టూ దిగుతూ పోతే నెల దొరుకుతుంది. టీకా కార్డు ఉంటే ముందు అదే అడగండి. పెద్దవాళ్ల వయసుల్లో సున్నా, అయిదుతో ముగిసేవి కుప్పలుగా ఉంటే అవి అడిగిన వయసులు కావు, ఊహించినవి.

ఎన్ని రోజుల వెనక్కి అడగాలి?

విషయాన్ని బట్టి. పిల్లల విరేచనాల గురించి డీహెచ్‌ఎస్ రెండు వారాలు అడుగుతుంది, అంతకుమించితే తల్లికి గుర్తుండదు. ఒకసారి ఎంచుకున్నాక మాత్రం మార్చకండి. భారత్‌లో 1999-2000 నాటి వినియోగ సర్వేలో తిండి ఖర్చును ఒకే ఇంట్లో ఏడు రోజులకూ, ముప్పై రోజులకూ అడిగారు. రెండు జవాబులూ ఒకదానినొకటి ప్రభావితం చేసుకుని, పేదరికం నిజంగా ఎంత తగ్గిందన్న దాని మీద ఆర్థికవేత్తలు ఏళ్ల తరబడి వాదించుకున్నారు.

## శాంపిల్

గైడ్ 384 మంది చాలంటున్నారు. నిజమేనా?

ఆ సంఖ్య ఎక్కడ చూసినా కనిపిస్తుంది. పెద్ద జనాభాలోంచి ఒక్కొక్కరినీ విడివిడిగా లాటరీలో తీస్తే, 5 శాతం అటూ ఇటూగా ఒక నిష్పత్తి చెప్పడానికి 384 చాలు. మీరు అలా తీయరు కదా. కొన్ని బడులు ఎంచుకుని ఒక్కో బడిలో 20 మందిని పరీక్షిస్తారు. ఒకే టీచరు దగ్గర చదివే పిల్లలు ఒకేలా ఉంటారు, కాబట్టి ఇరవయ్యో పిల్లవాడు కొత్తగా చెప్పేది తక్కువ. ఆ పోలిక సున్నా నుంచి ఒకటి కొలతలో 0.2 అనుకుంటే లెక్క ఇలా: 1 + 19 × 0.2 = 4.8. 384ను దానితో భాగిస్తే 80. అంటే మీ 384 మంది నిజానికి 80 మందితో సమానం. ఒక్కో బడిలో 20 కంటే తక్కువ మందిని తీసుకుని బడుల సంఖ్య పెంచండి. తిరుగుడు ఖర్చు పెరుగుతుంది, నిజమే. ఆ ఖర్చు తగ్గించుకోవడానికి అయిదు బడుల్లోనే మొత్తం 384 మందినీ పూర్తి చేసిన థీసిస్‌లు నేను చాలానే చూశాను.

ఊళ్లో ఇళ్ల జాబితా లేదు. ఏ ఇంటికి వెళ్లాలో ఎలా తేల్చుకోవాలి?

సమయం ఉంటే ఊరంతా తిరిగి మీరే జాబితా రాసుకోండి. లేకపోతే భారత్‌లో ప్రథమ్ సంస్థ 2005 నుంచి చేయిస్తున్న అసర్ సర్వే పద్ధతి చూడండి. ముందు ఊరివాళ్లతో కలిసి నేల మీద ఊరి మ్యాపు గీస్తారు. దాన్ని నాలుగు భాగాలు చేసి, ఒక్కో భాగంలో ప్రతి అయిదో ఇంటికి వెళ్తూ అయిదేసి ఇళ్లు తీసుకుంటారు. మొత్తం ఇరవై. ఊరి చివరి వాడ మ్యాపులో పడిందో లేదో చూసుకోవడం అన్నిటికంటే ముఖ్యం. మ్యాపు గీసేవాళ్లు తమకు దూరంగా ఉంచినవాళ్లను మర్చిపోతుంటారు. తాళం వేసిన ఇల్లు వస్తే పక్కింటికి పోకుండా సాయంత్రం మళ్లీ రండి. పగలు దొరికేవాళ్లతోనే సర్వే పూర్తి చేస్తే పనికి వెళ్లేవాళ్లంతా లెక్కలోంచి జారిపోతారు.

## ఊళ్లో దిగాక

పిల్లల చదువు గురించి బడిలోనే అడిగితే తేలిక కదా, ఇంటికెందుకు?

ఆరోజు బడికి రానివాళ్లు, మానేసినవాళ్లు, ప్రైవేటులో చదివేవాళ్లు అందరూ ఇంట్లోనే దొరుకుతారు. అసర్ ఇంటింటికీ వెళ్లేది అందుకే. అదే పద్ధతిని ఉవేజో పేరుతో కెన్యా, టాంజానియా, ఉగాండాల్లో వాడారు. ఒక కాగితం మీద అక్షరాలు, పదాలు, చిన్న పేరా, కథ ఉంటాయి. బిడ్డ ఒంటరిగా చదవాలి. చుట్టూ చేరిన చిన్నాన్నలు, అక్కలు అందించకుండా చూడటమే ఇన్వెస్టిగేటర్‌కు అసలు పరీక్ష.

ఎత్తు కొలవడానికి కూడా ట్రైనింగా?

రెండేళ్ల లోపు పిల్లల్ని పడుకోబెట్టి, ఆపై వాళ్లను నిలబెట్టి కొలవాలి. రెండింటి మధ్య దాదాపు 0.7 సెంటీమీటర్ల తేడా వస్తుంది. ఇద్దరు మనుషులు కావాలి: ఒకరు మడమలు, మోకాళ్లు బోర్డుకు ఆనేలా పట్టుకోవాలి, ఇంకొకరు తల నిటారుగా ఉంచి చదవాలి. చెప్పులు, క్లిప్పులు, జడముడి తీయించాలి. ట్రైనింగ్‌లో ఒకే పదిమంది పిల్లల్ని ప్రతి ఒక్కరితో రెండేసిసార్లు కొలిపించండి. ఎవరి చేయి ఎంత వణుకుతోందో అక్కడే తెలిసిపోతుంది.

ఇన్వెస్టిగేటర్లు ఇంట్లో కూర్చుని ఫారాలు నింపేస్తే పట్టుకోవడం ఎలా?

ట్యాబులో ఇంటర్వ్యూకు పట్టిన సమయం, లొకేషన్ చూడండి. కొన్ని ఇళ్లకు సూపర్‌వైజర్ మళ్లీ వెళ్లి నాలుగైదు ప్రశ్నలు అడిగి రావాలి. పూర్తిగా దొంగలెక్కలు రాసేవాళ్లు తక్కువే, దొరికిపోతారు కూడా. అసలు చిక్కు మెత్తటి మోసంతోనే. అయిదేళ్ల లోపు పిల్లలకే పొడవాటి ఆరోగ్య ప్రశ్నలు ఉంటే, కొందరు నాలుగున్నరేళ్ల పిల్లల్ని అయిదేళ్లు దాటించేస్తారు. చాలా దేశాల సర్వేల్లో ఈ జాడ కనిపించింది. మా దగ్గరా ఒకసారి అంతే. ఒకతని ఫారాల్లో రెండో వారం నుంచి అయిదేళ్ల పిల్లలే ఎక్కువయ్యారు. అడిగితే ఒప్పుకున్నాడు. రోజుకు ఎనిమిది ఇళ్లు పూర్తిచేయాలని మేం పెట్టిన టార్గెట్ చూసి అతన్ని పూర్తిగా తప్పుపట్టలేకపోయాను. ఆరుకు తగ్గించాం.

## లెక్కలు చూశాక

ఏ తేడా రాలేదు. ఇక ఈ ప్రాజెక్టు వృథాయేనా?

కాదు. పని చేయదని తెలియడం కూడా ఫలితమే. ఏది కొలుస్తారో, ఎలా లెక్కిస్తారో ముందే రిజిస్ట్రీలో రాసి పెడితే "వెతికి వెతికి దొరికింది రాశారు" అన్న మాట పడదు. ట్రయల్స్ కోసం అమెరికన్ ఎకనామిక్ అసోసియేషన్ రిజిస్ట్రీ 2013 నుంచి ఉంది. తేడా వచ్చేదాకా గ్రూపుల్ని ముక్కలు చేస్తూ పోకండి. ఇరవై ముక్కలు చూస్తే ఒకటి ఊరికే తేలుతుంది.

ఒక దేశంలో పనిచేసింది కదా, ఇంకోచోట ఎందుకు పనిచేయదు?

కెన్యాలో కాంట్రాక్టు టీచర్లను పెడితే పిల్లల మార్కులు పెరిగాయి. తర్వాత అదే దేశంలో, అదే పనిని కొన్ని బడుల్లో స్వచ్ఛంద సంస్థకు, కొన్నిటిలో ప్రభుత్వానికి అప్పగించి చూశారు. సంస్థ చేసిన చోట మార్కులు పెరిగాయి, ప్రభుత్వం చేసిన చోట మార్పే లేదు. అంటే ఏం చేశారన్నది ఎంత ముఖ్యమో ఎవరు చేశారన్నదీ అంతే.

అదే కెన్యాలో 75 బడుల్లో నులిపురుగుల మందు ఇచ్చి చేసిన అధ్యయనం 2004లో అచ్చయింది. గైర్హాజరు పావు వంతు తగ్గిందన్నారు. 2015లో వేరే బృందం ఆ డేటానే మళ్లీ లెక్కించి కొన్ని తప్పులు చూపింది. పెద్ద గొడవే అయింది. నాకు అందులో నచ్చింది, అసలు రచయితలే డేటా ఇవ్వడం. మరోవైపు, మహారాష్ట్ర గడ్చిరోలిలో డాక్టర్ దంపతులు అభయ్ బంగ్, రాణీ బంగ్ 39 ఊళ్లలో ఇంటి దగ్గరే నవజాత శిశువుల సంరక్షణ చేయించి, మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో చూపించారు. అది 2011లో దేశమంతటా ఆశా కార్యకర్తల పనిలో చేరింది. కానీ గడ్చిరోలిలో ఉన్నంత ట్రైనింగ్, పర్యవేక్షణ వెంటే వెళ్లాయా అన్న ప్రశ్న ప్రతిచోటా విడిగా అడగాల్సిందే.

## పని ముగిశాక

పేర్లు తీసేసి డేటా నెట్‌లో పెట్టేయొచ్చా?

పేరు తీసినంత మాత్రాన మనిషి దాగడు. చిన్న ఊళ్లో డిగ్రీ చదివిన వితంతువు ఒక్కరే ఉంటే ఆవిడెవరో అందరికీ తెలుసు. డీహెచ్‌ఎస్ ఊళ్ల జీపీఎస్ పాయింట్లను కావాలనే జరుపుతుంది, పట్టణాల్లో 2 కిలోమీటర్ల దాకా, పల్లెల్లో ఎక్కువగా 5 కిలోమీటర్ల దాకా. మీరూ ఊరి పేరు తీసేయండి, వయసులు గుంపులు చేయండి, అరుదైన జవాబులు కలిపేయండి.

విదేశీ యూనివర్సిటీతో కలిసి చేస్తున్నాం. పేపర్లో మా పేర్లు చివర్లో "కృతజ్ఞతలు" దగ్గర వస్తున్నాయి. ఇది మామూలేనా?

మామూలైపోయింది, న్యాయం మాత్రం కాదు. పైనుంచి దిగి డేటా తీసుకుని ఎగిరిపోయే ఈ తీరుకు పారాచూట్ పరిశోధన అని పేరే పడింది. ఎవరు రచయితలు, డేటా ఎవరి దగ్గర ఉంటుంది, రెండో పేపరు ఎవరు రాస్తారు అన్నవి మొదటి నెలలోనే కాగితం మీద పెట్టించండి. డేటా చేతులు మారాక అడిగితే మొహమాటం ఒక్కటే మిగులుతుంది.

ఊరివాళ్లకు ఫలితాలు చెప్పాలా? వాళ్లకేం అర్థమవుతుంది?

చెప్పాలి. అర్థమవుతుంది కూడా. పీ-వాల్యూల్లాంటి గణాంకాల భాష వదిలేయండి. "ఈ ఊళ్లో పదిమంది పిల్లల్లో ఇంతమంది ఎత్తు తక్కువగా ఉన్నారు" అని గింజలు పేర్చి చూపించండి. మేం ఒకసారి అలా చూపిస్తే వెనకాల కూర్చున్న ఒక ముసలాయన లేచి, "మా వాడకు మీరు రానేలేదు కదయ్యా, మా పిల్లలు ఈ పదిలో ఎక్కడున్నారు?" అన్నాడు. ఆయన అన్నది నిజం. మా మ్యాపులో ఆ వాడ లేదు.